ఉద్యోగానికి డబ్బు అడిగారా? అక్కడే ఆగండి.. నకిలీ కొలువుల మోసాల నుంచి తప్పించుకోండిలా!

"మీ ప్రొఫైల్ షార్ట్‌లిస్ట్ అయింది. ఇంటి నుంచే పని. రోజుకు 2 వేల నుంచి 5 వేలు సంపాదించవచ్చు. ఆసక్తి ఉంటే ఎస్ అని రిప్లై ఇవ్వండి."

ఇలాంటి మెసేజ్ ఈ మధ్య మీ వాట్సాప్‌కూ వచ్చే ఉంటుంది. మంచి ఉద్యోగంలో ఉన్నవాళ్లు చూసి డిలీట్ చేసేస్తారు. డిగ్రీ పూర్తయి ఏడాది దాటినా కాల్ లెటర్ రానివాళ్లు, ఉన్న ఉద్యోగం పోయి ఈఎంఐ తేదీ దగ్గరపడుతున్నవాళ్లు అంత తేలిగ్గా డిలీట్ చేయలేరు. మోసగాళ్లు గురిపెట్టేది సరిగ్గా వాళ్లనే. అందుకే ఈ మోసాల్లో పోయేది చాలాసార్లు మిగులు డబ్బు కాదు. అప్పు తెచ్చిన డబ్బు, అమ్మ మెడలోని బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు.

ముఠాలు వేసే వేషాలు చాలానే ఉన్నాయి. వాటిని పట్టుకోవడానికి మాత్రం ఒక్క ప్రశ్న చాలు. డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తోంది? ఉద్యోగం అంటే కంపెనీ మీకు డబ్బు ఇవ్వాలి. ఉద్యోగం ఇవ్వడానికే మీ దగ్గర డబ్బు అడుగుతున్నారంటే, దానికి వాళ్లు రిజిస్ట్రేషన్ అని, డిపాజిట్ అని, ట్రైనింగ్ అని ఏ పేరు పెట్టినా సరే, అక్కడే ఆగిపోవాలి. దీనికి ఉన్న కొద్దిపాటి మినహాయింపులు ఏమిటో కూడా కింద చూద్దాం.

ఎక్కువగా జరుగుతున్న మోసాలు ఇవే

1. పార్ట్‌టైమ్ టాస్కులు

మొదట యూట్యూబ్ వీడియోలకు లైక్ కొట్టమంటారు. గూగుల్ మ్యాప్స్‌లో హోటళ్లకు రేటింగ్ ఇవ్వమంటారు. సాయంత్రానికి 150 రూపాయలో, 200 రూపాయలో నిజంగానే మీ ఖాతాలో పడతాయి. అదే ఎర. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేర్చుకుంటారు. "నాకు ఈరోజు 18 వేలు వచ్చాయి" అంటూ అక్కడ స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లు ముఠా మనుషులే.

ఆపై ప్రీపెయిడ్ టాస్కులు మొదలవుతాయి. వెయ్యి కడితే 1,300 తిరిగి ఇస్తారు. నమ్మకం కుదిరాక 5 వేలు, 20 వేలు, 50 వేలు కట్టిస్తారు. వాళ్ల వెబ్‌సైట్‌లో మీ పేరిట లక్షల్లో బ్యాలెన్స్ కనిపిస్తుంది. తీసుకోబోతే మాత్రం "టాస్క్ తప్పు చేశారు, ఖాతా ఫ్రీజ్ అయింది, ఇంకో లక్ష కడితేనే విడుదల చేస్తాం" అంటారు. స్క్రీన్ మీద కనిపించే ఆ అంకె వెనక ఒక్క రూపాయి కూడా ఉండదు. ఇలాంటి టాస్క్ మోసాలకు వాడుతున్న 100కు పైగా వెబ్‌సైట్లను కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో బ్లాక్ చేసింది. ఒకటి మూతపడితే ఇంకో పేరుతో తెరవడం ముఠాలకు పెద్ద పనేమీ కాదు కాబట్టి, పేర్లు గుర్తుపెట్టుకోవడం కంటే పద్ధతి గుర్తుపెట్టుకోవడం మేలు.

2. రిజిస్ట్రేషన్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్

పెద్ద కంపెనీ లోగోతో ఆఫర్ లెటర్ వస్తుంది. జాయినింగ్ తేదీ, జీతం, హెచ్ఆర్ సంతకం అన్నీ ఉంటాయి. "లాప్‌టాప్ కొరియర్ చేస్తున్నాం, డిపాజిట్ కట్టండి, మొదటి జీతంతో తిరిగి ఇచ్చేస్తాం" అంటారు. అది కట్టాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు కొంత, యూనిఫామ్‌కు కొంత, ఐడీ కార్డుకు కొంత. చిన్న మొత్తాలే కదా అని కడుతూ పోతే నెల తిరిగేసరికి వేలల్లో పోతుంది. టీసీఎస్, ఇన్ఫోసిస్ వంటి కంపెనీలు ఉద్యోగానికి డబ్బు తీసుకోబోమని తమ వెబ్‌సైట్లలోనే హెచ్చరిస్తున్నాయి.

3. డేటా ఎంట్రీ.. ఆపై లాయర్ నోటీసు

ఇంట్లో ఉండే గృహిణులు, విద్యార్థులు ఎక్కువగా చిక్కుకునేది ఇందులోనే. వారం రోజుల్లో కొన్ని వందల ఫారాలు టైప్ చేయాలని ఆన్‌లైన్‌లో ఒప్పందం రాయించుకుంటారు. పని పూర్తిచేసి పంపాక "తప్పులు ఎక్కువగా ఉన్నాయి, ఒప్పందం ఉల్లంఘించారు, నష్టపరిహారం కట్టండి" అంటారు. మర్నాడు లాయర్‌నంటూ ఒకరు ఫోన్ చేస్తారు. కోర్టు ముద్రలతో వాట్సాప్‌లో నోటీసు వస్తుంది.

భయపడకండి. ఫోన్‌పేలోనో, గూగుల్‌పేలోనో డబ్బు వేస్తే కేసు ఆపేసే పద్ధతి ఏ కోర్టులోనూ లేదు. డబ్బు కట్టకుండా ఆ నోటీసును, కాల్ వివరాలను భద్రపరచి పోలీసులకు చూపించండి. బెదిరింపు మీ కేసుకు సాక్ష్యంగా పనికొస్తుంది.

4. బ్యాక్‌డోర్ ఉద్యోగాలు

అమీర్‌పేట, మాదాపూర్ ప్రాంతాల్లో కోచింగ్ తీసుకున్నవాళ్లకు ఈ మాట కొత్త కాదు. లక్ష నుంచి మూడు లక్షలు కడితే ఐటీ కంపెనీలో నేరుగా కూర్చోబెడతామని కన్సల్టెన్సీలు చెబుతాయి. అద్దాల ఆఫీసు ఉంటుంది, ట్రైనింగ్ నడుస్తుంది, రెండు నెలలు స్టైపెండ్ కూడా వస్తుంది. ఆ స్టైపెండ్ మీరు కట్టిన డబ్బులోంచి ఇచ్చేదే. ఒక సోమవారం వెళ్లేసరికి ఆఫీసుకు తాళం వేసి ఉంటుంది.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. నకిలీ ఎక్స్‌పీరియెన్స్ లెటర్లతో ఉద్యోగంలో చేరితే, వెరిఫికేషన్‌లో దొరికిన రోజున ఉద్యోగం పోతుంది, కేసు మీ మెడకూ చుట్టుకోవచ్చు. మోసపోయినవాళ్లలో చాలామంది ఫిర్యాదుకు వెనకాడేది కూడా ఈ భయంతోనే. కన్సల్టెన్సీలు నడిపేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

5. సర్కారు కొలువు ఇప్పిస్తాం

"రైల్వేలో మాకు మనుషులున్నారు, కోటా ఉంది" అనే మధ్యవర్తుల మాటలకు ఏమవుతుందో 2022లో ఢిల్లీలో బయటపడ్డ ఉదంతం చెబుతుంది. తమిళనాడుకు చెందిన 28 మందిని రైల్వే ఉద్యోగాల పేరుతో ఢిల్లీ తీసుకెళ్లారు. ట్రైనింగ్ అని చెప్పి న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌లో ప్లాట్‌ఫాంల మీద నిలబెట్టి, వచ్చే పోయే రైళ్లను, వాటి బోగీలను లెక్కపెట్టించారు. రోజుకు 8 గంటల చొప్పున దాదాపు నెల రోజులు వాళ్లు అదే పని చేశారు. అందరూ కలిసి కట్టింది 2.67 కోట్ల రూపాయలు. వైద్య పరీక్షలు, ఆర్డర్ కాపీలు అన్నీ జరిగాయి కాబట్టి చివరిదాకా అనుమానం రాలేదు.

రైల్వే ఉద్యోగమైనా, టీజీపీఎస్సీ, ఏపీపీఎస్సీ ఉద్యోగమైనా నోటిఫికేషన్, రాత పరీక్ష, మెరిట్ జాబితా.. ఇవన్నీ అధికారిక వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకు 2022లోనే ఇంటర్వ్యూలు ఎత్తేశారు. "ఇంటర్వ్యూలో మేనేజ్ చేస్తాం" అని గ్రూప్స్ అభ్యర్థికి ఎవరైనా చెబితే, లేనిదాన్ని అమ్ముతున్నారని అర్థం.

విదేశీ ఉద్యోగమా? ఇక్కడ పోయేది డబ్బొక్కటే కాదు

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసు మీకు గుర్తుండే ఉంటుంది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు చెప్పి, యువకుల దగ్గర డబ్బు తీసుకుని కంబోడియా పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాగేసుకుని, మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేసి సైబర్ మోసాలు చేయించారు. ఒప్పుకోనివాళ్లను హింసించారు.

మయన్మార్‌లో కూడా ఇదే తంతు. థాయ్‌లాండ్ సరిహద్దుల్లోని స్కామ్ కేంద్రాల నుంచి విడుదలైన 549 మంది భారతీయులను 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. చాలామంది థాయ్‌లాండ్‌లో ఐటీ, కస్టమర్ సపోర్ట్ ఉద్యోగమని నమ్మి బ్యాంకాక్‌లో దిగినవాళ్లే. అంటే మీకు వచ్చే ఆ పార్ట్‌టైమ్ మెసేజ్ పంపుతున్న వ్యక్తి కూడా, ఒకప్పుడు ఇలాంటి ఉద్యోగ ప్రకటన చూసి వెళ్లి ఇరుక్కున్నవాడే కావచ్చు.

విమానం ఎక్కేముందు ఇవి తప్పకుండా చూసుకోండి.

• ఏజెంటుకు లైసెన్సు ఉందా? విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా, అక్రమ ఏజెంట్ల జాబితా రెండూ ఉంటాయి. పేరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు. "మెయిన్ ఏజెంటు ముంబైలో ఉంటాడు, నేను అతని మనిషిని" అనే సబ్ ఏజెంటును నమ్మకండి.

• ఫీజు ఎంత? రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. లక్షల్లో అడుగుతున్నారంటే చట్టం దాటుతున్నట్టే.

• వీసా ఏ రకం? విజిట్ వీసా మీద వెళ్లి ఉద్యోగం చేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం. "ముందు విజిట్ మీద దిగండి, తర్వాత మార్పిస్తాం" అన్నా, గల్ఫ్‌కు ఆజాద్ వీసా అన్నా ఒప్పుకోవద్దు. వీసాలో ఉన్న కంపెనీ, ఒప్పందంలో ఉన్న కంపెనీ ఒకటే కావాలి.

• పదో తరగతి పాస్ కాలేదా? అలాంటివాళ్ల పాస్‌పోర్టుకు ఈసీఆర్ వర్తిస్తుంది. గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోవాలి. దీన్ని తప్పించి పంపుతామన్నారంటే మిమ్మల్ని ఏ రక్షణా లేకుండా పంపుతున్నారని అర్థం. క్లియరెన్సుతో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో 10 లక్షల ప్రమాద బీమా వస్తుంది.

• ప్రభుత్వ దారి ఉందా? ఉంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలు. ప్రైవేటు ఏజెంటు దగ్గరికి వెళ్లేముందు ఒకసారి అక్కడ వాకబు చేయండి.

సందేహం ఉంటే విదేశాంగ శాఖ నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 1800 11 3090 టోల్‌ఫ్రీ నంబరులో ఫోన్ చేసి అడగొచ్చు.

మరి ఎక్కడా డబ్బు కట్టకూడదా?

కట్టాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగాలకు పరీక్ష ఫీజు ఉంటుంది. అది అధికారిక వెబ్‌సైట్‌లోనే కడతారు, వెంటనే రసీదు వస్తుంది, నోటిఫికేషన్‌లో ఆ మొత్తం రాసి ఉంటుంది. విదేశీ ఉద్యోగాలకు పైన చెప్పిన పరిమితిలో సర్వీసు చార్జీ ఉంటుంది. పాస్‌పోర్టు, వైద్య పరీక్షల వంటి సొంత పత్రాల ఖర్చు ఉంటుంది.

వీటిలో ఏదీ ఒక వ్యక్తి యూపీఐ నంబరుకు వెళ్లదు. కంపెనీ పేరు చెప్పి, డబ్బు మాత్రం ఎవరిదో సొంత ఖాతాకు వేయమన్నారంటే ఇక ఆలోచించక్కర్లేదు.

ఆఫర్ వచ్చిందా? 10 నిమిషాల్లో ఇలా చెక్ చేయండి

మెయిల్ ఐడీ చూడండి. కంపెనీ పేరు ముందు ఉండి, చివర జీమెయిల్ ఉంటే అనుమానించాలి. కంపెనీ పేరులోనే ఒక అక్షరం మార్చి, లేదా జాబ్స్, కెరీర్స్ అనే పదం తగిలించి నకిలీ డొమైన్లు తయారుచేస్తారు. కాబట్టి అక్షరం అక్షరం చదవండి. ప్రభుత్వ సంస్థల చిరునామాలు సాధారణంగా డాట్ గవ్ డాట్ ఇన్‌తోనో, డాట్ నిక్ డాట్ ఇన్‌తోనో ముగుస్తాయి.

లెటర్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగొద్దు. అక్కడ ఎత్తేది వాళ్లే. కంపెనీ వెబ్‌సైట్‌ను మీరే విడిగా తెరిచి, కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందేమో చూడండి. అక్కడున్న నంబరుకో, మెయిల్‌కో రాసి నిర్ధారించుకోండి.

పేరు వినని కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో అది ఎప్పుడు నమోదైందో చూడొచ్చు. నమోదై ఉన్నంత మాత్రాన నిజమని అనుకోకూడదు. నిజమైన కంపెనీ పేరును మోసగాళ్లు వాడుకోవడం మామూలే. నమోదు కాలేదంటే మాత్రం అక్కడితో వదిలేయొచ్చు.

ఇంటర్వ్యూ ఎలా జరిగింది? మనిషి ముఖం చూపకుండా, చాటింగ్‌లో నాలుగు ప్రశ్నలు అడిగి, గంటలో సెలెక్ట్ అయ్యారన్నారా? "సీటు ఈరోజు సాయంత్రం వరకే" అని తొందరపెట్టారా? మిమ్మల్ని ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా చేయడానికే ఆ తొందర. ఒక రాత్రి ఆగి, ఇంట్లో ఒకరికి చెప్పి నిర్ణయం తీసుకోండి. నిజమైన ఉద్యోగం ఒక్క రాత్రిలో ఎక్కడికీ పోదు.

డబ్బు అడగకపోయినా మోసమే కావచ్చు

కొందరు పైసా అడగరు. "జీతం వేయడానికి కొత్త ఖాతా తెరవండి, ఏటీఎం కార్డు, దానికి లింకైన సిమ్ మాకు పంపండి, నెలకు 15 వేలు ఇస్తాం" అంటారు. లేదా "మీ ఖాతాలోకి వచ్చే డబ్బును వేరే ఖాతాకు పంపితే కమీషన్" అంటారు. ఆ డబ్బు ఇంకెక్కడో మోసపోయిన మనిషిది. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికే. ఖాతా ఫ్రీజ్ అవుతుంది, కేసులో నిందితుల జాబితాలో మీ పేరు చేరుతుంది. ఖాతాను, సిమ్‌ను ఎవరికీ అద్దెకివ్వకండి.

ఆధార్, పాన్ కాపీలు కూడా ఆఫర్ నిజమని తేలాకే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కాపీ మీద ఎవరికి, ఎందుకు ఇస్తున్నారో, తేదీతో సహా రాయండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఇంటర్వ్యూ యాప్ అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపితే ఇన్‌స్టాల్ చేయొద్దు. స్క్రీన్ షేరింగ్ యాప్ వేయమన్నా వద్దు. ఇంకో మాట. మీకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు.

డబ్బు పోయిందా? వెంటనే ఇలా చేయండి

1. ముందు 1930కి ఫోన్ చేయండి. ఇది సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్. మీరు పంపిన డబ్బు మోసగాళ్ల ఖాతాలో ఉండగానే సమాచారం అందితే బ్యాంకు దాన్ని ఆపేయగలదు. వాళ్లు నిమిషాల్లో నాలుగైదు ఖాతాలకు మార్చేస్తారు. అందుకే తెల్లవారాక చేద్దామనుకోవద్దు. ట్రాన్సాక్షన్ నంబరు, తేదీ, సమయం, మొత్తం దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

2. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్, అంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు నమోదు చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి.

3. మీ బ్యాంకుకూ చెప్పండి. కార్డు, నెట్ బ్యాంకింగ్ వివరాలు ఇచ్చి ఉంటే బ్లాక్ చేయించి, పాస్‌వర్డులు మార్చండి.

4. కోపంతో చాట్ డిలీట్ చేయొద్దు. మెసేజ్‌లు, ఫోన్ నంబర్లు, టెలిగ్రామ్ ఐడీలు, యూపీఐ ఐడీలు, ఆఫర్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ భద్రపరచండి.

5. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. కన్సల్టెన్సీలు, మధ్యవర్తుల చేతికి నగదు ఇచ్చిన కేసుల్లో ఇది మరీ ముఖ్యం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు. "మా పరిధి కాదు" అంటే ఈ మాట గుర్తుచేయండి. మీలాగే డబ్బు కట్టినవాళ్లు ఉంటే కలిసి వెళ్లండి.

6. డబ్బు పోలేదు కానీ అనుమానాస్పద కాల్, మెసేజ్ వచ్చిందా? సంచార్ సాథీలోని చక్షు విభాగంలో తెలియజేయండి. ఆ నంబరు నుంచి ఇంకొకరు మోసపోకుండా ఉంటారు.

7. మీ వాళ్లు విదేశంలో చిక్కుకున్నారా? అక్కడి భారత రాయబార కార్యాలయానికి ఫోన్ చేయండి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ, చివరిగా పంపిన లొకేషన్ సిద్ధంగా ఉంచుకోండి. వెళ్లేముందే వీటి కాపీలు ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉండేలా చూడటం మంచిది.

పోయిన డబ్బు తిరిగి వస్తుందా? ఆపగలిగినంత వరకు రావచ్చు. సైబర్ కేసుల్లో ఫ్రీజ్ చేసిన సొమ్మును తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించారు. అయితే "మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే అది రెండో మోసం. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు ముఠాల మధ్య చేతులు మారుతుంటాయి.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట

ఈ మోసాల్లో డబ్బు పెద్ద మొత్తంలో పోయేది చాలావరకు మొదటి రోజున కాదు. ఇంట్లో తెలిస్తే తిడతారని, పోయిన 10 వేలు ఎలాగైనా రాబట్టాలని ఇంకో 50 వేలు కట్టినప్పుడు పోతుంది. మీ అబ్బాయో, అమ్మాయో, భార్యో, తమ్ముడో వచ్చి "ఇలా జరిగింది" అని చెబితే తిట్లు తర్వాత పెట్టుకోండి. ముందు ఫోన్ తీసి 1930 కొట్టండి. ఆ అరగంట చాలా విలువైనది.

ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు కూడా అదే మాట. డబ్బు అడిగిన క్షణాన ఆగడం మొదటి జాగ్రత్త. ఒకవేళ ఆగలేకపోయి ఉంటే, దాచకుండా వెంటనే చెప్పడం రెండోది.